నీడన ఆరిన నీలం

కరీంనగర్
6 నవంబర్ 2023

చిన్న తాతకు నమస్కారాలు.

నేను ప్రణతిని. మీ అన్న జగన్మోహన్‌రావు గారి మనవరాలిని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు మూడేళ్లట. ఎవరి పెళ్లిలోనో మీ కళ్లజోడు లాగి కింద పడేశానట. ఆ క్షమాపణ ముందుగా తీసుకోండి.

నేనిక్కడే యూనివర్సిటీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. తాత దగ్గరే ఉంటాను. నా పని మీకు వేరే చెప్పనక్కర్లేదేమో గానీ, రాస్తే నాకే స్పష్టమవుతుందని రాస్తున్నాను. కొన్ని స్ఫటికాల్లో ప్రతి అణువుకూ ఒక కొస కొంచెం ధనావేశం, రెండో కొస కొంచెం రుణావేశం ఉంటాయి. చలిలో అవన్నీ ఒకే దిక్కుకు తలపెట్టి పడుకుంటాయి. వెచ్చబడితే దేని ఇష్టం దానిది, గిరగిరా తిరుగుతాయి. ఒక ప్రావస్థ నుంచి ఇంకో ప్రావస్థకు మారే ఆ ఉష్ణోగ్రతను పట్టుకోవడమే నా పని. చలిలో పడుకున్నప్పుడు విద్యుత్తు పెడితే తలలు అటు నుంచి ఇటు తిప్పుకుంటాయి. విద్యుత్తు తీసేసినా తిప్పిన చోటే ఉండిపోతాయి. అంటే గుర్తు పెట్టుకుంటాయి. వీటినే ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఎక్కువగా కొలిమి వేడిలో కాల్చి చేసే పింగాణీ రకాలు. నేను వెతికేవి లోహపు సంశ్లిష్టాలు. మధ్యలో రాగో కోబాల్టో, చుట్టూ చిన్న అణువులు. నీళ్లలో కరిగించి గిన్నె మూలన పెడితే వాటంతటవే పెరుగుతాయి.

రెండేళ్లుగా నాకొక్కటీ దొరకలేదు. మార్చిలోగా దొరక్కపోతే వేరే అంశం చూసుకోమన్నారు మా సారు.

మొన్న తాత పెట్టెలో 1987 నాటి లెక్చరర్ల సభ కాగితం కనిపించింది. అందులో ఒక వరుస: ‘ఒక రాగి సంశ్లిష్టంలో చలికి ఏర్పడే చారలు – సంతోష్‌రావు, ఆదిలాబాద్.’ పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. ఆ సమ్మేళనం ఏమిటి? ఎలా చేశారు? చారలు ఎప్పుడు వచ్చాయి? చెప్పగలరా?

ఇంతవరకు ఒక్క ఉత్తరమూ రాయని
ప్రణతి

*

ఆదిలాబాద్
14 నవంబర్ 2023

చి. ప్రణతికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టను. మన రెండిళ్ల మధ్య కుశలం లేక ముప్పై ఆరేళ్లయింది. ఇప్పుడు కొత్తగా అబద్ధమెందుకు?

నీ ఉత్తరం నీ రాతలో ఉంది. కవరు మీద చిరునామా నీ రాతలో లేదు. కుడికి వాలిన ఆ అక్షరాలను నేను చీకట్లోనైనా గుర్తుపడతాను. నన్ను అడగడానికి మొహం చాలక నీ చేత అడిగిస్తున్నాడన్నమాట. కవరు తిప్పి పంపేద్దామని గడప మీదే నిలబడ్డాను. మీ చిన్న నానమ్మ లీలాబాయి లోపలి నుంచి అంది: “అడ్రసు రాసిండు గని శాపనార్థాలు రాయలే గద. పిల్ల ఏం రాసిందో జర సదవుండ్రి.”

చదివాను. ముందొక సవరణ. ఫెర్రో అంటే ఇనుము. మీ ఫెర్రోఎలక్ట్రిక్కుల్లో చాలావాటిలో మందుకు వేద్దామన్నా ఇనుముండదు. అయస్కాంతంతో పోలిక చూసి ఎవరో పెద్దమనిషి పేరు పెట్టాడు, మిగతావాళ్లు తలూపారు. శాస్త్రంలోనూ తలూపేవాళ్లే ఎక్కువ. దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది, చెబుతాను.

1986 డిసెంబర్. మా కాలేజీ ల్యాబులో కిటికీ అద్దం పగిలి రెండేళ్లు, అట్టముక్క అడ్డం పెట్టుకునేవాళ్లం. ఆ కిటికీలో నా నీలం స్ఫటికం. పోలరాయిడ్ నల్లకళ్లజోడు ఒకటి విరిగితే దాని రెండు అద్దాలు దాచుకున్నాను. స్ఫటికాన్ని ఆ రెంటి మధ్య పెట్టి, ఒక అద్దాన్ని అడ్డంగా తిప్పి, పొద్దున వెలుతురుకు ఎత్తి పట్టాను. దువ్వెన పళ్లలా సన్నటి చారలు! అరచేతిలో వెచ్చబెడితే పోయాయి. మళ్లీ చలిలో పెడితే వచ్చాయి. నెల రోజులు చూశాను. చల్లబడేటప్పుడు తొమ్మిది డిగ్రీల దగ్గర వస్తాయి, వెచ్చబడేటప్పుడు పదిహేను దాకా పోవు. వచ్చిన దారిన పోవన్నమాట. ఆ ఆరు డిగ్రీల తేడాలోనే ఏదో ఉందని నాకు తెలుసు. ఏముందో చెప్పే యంత్రం లేదు.

పద్ధతి ముందే అన్నకు రాసి పంపి, మార్చిలో కరీంనగర్ సభలో చదివాను. మీ తాత అక్కడ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ హెడ్. అరవై మంది ముందు లేచి నిలబడి, “నేను రెండుసార్లు చేసి చూసిన. ఏ చారలూ లేవు. గవి చారలు గావు, మురికి. ఆదిలాబాద్‌ల సీసలు కడుగతందుకు నీళ్లు లేవా?” అన్నాడు. సభ నవ్వింది. నవ్విన వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల సంతాప సభలకు వెళ్లాను. చాయ్ ముట్టకుండా వచ్చాను.

పద్ధతి నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు వెనక కాగితం మీద దించాను. మా వాళ్లెవరైనా ఫోన్ చేసి చెవిలో పెడితే నాకు వినపడదు. ఉత్తరమే రాయి. నేను రాసినవి అతనికి చూపించకు.

కడిగిన సీసాల
సంతోష్‌రావు

*

కరీంనగర్
5 డిసెంబర్ 2023

చిన్న తాతకు,

స్ఫటికాలు పెరిగాయి! అంత లోతైన నీలం నేను చూడలేదు. ఆ రోజంతా ల్యాబులో అందరికీ చూపించుకుంటూ తిరిగాను.

తరువాతి మాట ఎలా రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను. మీ కాగితంలో ఉన్నట్టే వడపోసి, ఓవెన్‌లో ఎనభై డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టాను. చల్లబరిచాను. సున్నా దాకా, అక్కడి నుంచి ఇంకో యాభై డిగ్రీలు కిందికి. చారలు రాలేదు. వేడి కొలిచే యంత్రంలో, మార్పు జరిగిన చోట గీత గుట్టలా లేవాలి. చివరిదాకా నున్నగా పోయింది. మూడుసార్లు చేశాను.

నోట్‌బుక్‌లో లేనిది ఏమైనా ఉందా తాతా? చిన్నదైనా సరే.

చిరునామా సంగతి. తాత నన్ను పంపలేదు. మీ కాగితం దొరికిందని చూపిస్తే, “వాన్నే అడుగు” అన్నారు. అడ్రసు అడిగితే కవరు గుంజుకుని తనే రాశారు. ఏ పుస్తకమూ చూడలేదు. పిన్‌కోడ్‌తో సహా.

ప్రణతి

*

ఆదిలాబాద్
12 డిసెంబర్ 2023

ప్రణతీ,

నువ్వు అతని మనవరాలివే. సందేహం లేదు. అతను ‘మురికి’ అన్నాడు, నువ్వు ‘నోట్‌బుక్‌లో లేనిది ఏమైనా ఉందా’ అన్నావు. చదువుకున్నదానివి కాబట్టి మర్యాదగా అన్నావు.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఈ ఊరి గ్రంథాలయంలో నేను తిప్పని పుస్తకం లేదు. తిరిగి ఇవ్వని వాళ్ల పేర్లు కూడా నాకు తెలుసు. నా రీడింగు తప్పని చెప్పడానికి మీ కరీంనగర్ యంత్రం చాలదు.

ఈ పొద్దున ఇక్కడ ఆరు డిగ్రీలు. నా దగ్గర ఆ నాటి స్ఫటికం ఒకటి ఇప్పటికీ ఉంది. అది పెరిగిన నీళ్లలోనే, ఎండనివ్వకుండా, బిరడా సీసాలో. ప్రతి చలికాలం తీసి చూస్తాను. ఈ పొద్దునా చూశాను. చారలు ఉన్నాయి. లీలాబాయికి కూడా చూపించాను. “ఉన్నయి, ఉన్నయి. యాడాదికోసారి గిదే జాతర మనింట్ల. చాయ్ సల్లారిపోతుంది,” అంది. ఆమె సాక్ష్యం మీ యంత్రం సాక్ష్యం కన్నా నాకు ఎక్కువ.

పిన్‌కోడ్ గుర్తుంటే ఏమైంది? రాతి మీద చెక్కిన పేరు రాయికి గుర్తుంటుందా!

ఇక రాయకు. రాస్తే మాత్రం కవరు మీద నువ్వే రాయి.

సంతోష్‌రావు

*

కరీంనగర్
22 డిసెంబర్ 2023

చిన్న తాతకు,

కవరు మీద నేనే రాశాను. రాయవద్దన్నా రాస్తున్నాను. ఇది మీకు చేరాల్సిన సంగతి.

మీ ఉత్తరం చదివాక తాత పెట్టె అడుగు దాకా తీశాను. పన్నెండు సన్నటి నోట్‌బుక్కులున్నాయి. 1987 నుంచి 1998 దాకా, డిసెంబర్‌కు ఒకటి. ప్రతి దాంట్లో మీ సమ్మేళనమే. కరీంనగర్‌లో అంత చలి ఉండదు కదా. ల్యాబు అటెండర్ వెంకటిని తోడు తీసుకుని మంచుగడ్డలు తెచ్చి, ఉప్పు కలిపి చల్లబరిచేవారట. ఒక ఏడు రాగి ఉప్పు మార్చారు. ఒక ఏడు నీళ్లు రెండుసార్లు కాచి వడబోశారు. ఒక ఏడు మీలాగే నల్లకళ్లజోడు కొని విరగ్గొట్టారు. ప్రతి నోట్‌బుక్ చివర ఒకటే మాట: ‘చారలు లేవు.’

1987 నోట్‌బుక్‌లో ఇంకో వాక్యం ఉంది: ‘సభలో ఆ మాట అనకుండా ఉండాల్సింది.’

1998లో, రిటైరయ్యే ముందు, ఇది రాశారు. అక్షరం మార్చకుండా దించుతున్నాను:

‘ఈసారీ లేవు. సంతు అబద్ధం చెప్పడు. తప్పు నా చేతిలోనే ఎక్కడో ఉంది. అది దొరకలేదు.’

చిన్న తాతా, మీరు చూశారు. తాత చూడలేదు. నేనూ చూడలేదు. ముగ్గురం ఒకే కాగితం ప్రకారం చేశాం. తాత పన్నెండు నోట్‌బుక్కుల్లోనూ ఒక వరుస మారలేదు: ‘ఓవెన్, ఎనభై డిగ్రీలు, రెండు గంటలు.’ నాకు ఒక అనుమానం ఉంది. దాన్ని నేను రాయను. మీరు రాయండి.

ప్రేమతో
ప్రణతి

*

ఆదిలాబాద్
29 డిసెంబర్ 2023

అమ్మా ప్రణతీ,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను. మొదటి మూడూ బాగా రాశాను. అందుకే చింపేశాను.

మా ల్యాబులో ఓవెన్ లేదు.

ఉండేది. తీగ కాలిపోయింది. 1986 వర్షాకాలంలో కాలేజీ గుర్తింపు తనిఖీకి ఒక బృందం వచ్చింది. అందులో మీ తాత ఒకరు. తనిఖీ అంటే ఆ రోజుల్లో పెళ్లిచూపుల్లాంటిది. లేని పుస్తకాలు పక్క ఊరి నుంచి వచ్చేవి, తనిఖీ కాగానే వెళ్లిపోయేవి. మా అటెండర్ అంతయ్య ఆ చచ్చిన ఓవెన్‌కు రంగు వేసి, లోపల నూరు క్యాండిళ్ల బల్బు పెట్టాడు. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలని. మీ తాత తలుపు తీసి చెయ్యి పెట్టాడు. నా వైపు చూసి, “పని చేస్తదారా సంతూ?” అన్నాడు. “చేస్తది” అన్నాను. ఇంకేమీ అడగలేదు. తమ్ముడి మాట మీద సంతకం పెట్టాడు.

ఆరు నెలలకు స్ఫటికాలు చేశాను. ఓవెన్ ఉందని అన్న సంతకం పెట్టిన కాలేజీలో, ఓవెన్ లేదని నోట్‌బుక్‌లో ఎలా రాయను? పుస్తకంలో ఉన్న పద్ధతే దించేశాను, ఎనభై డిగ్రీలు, రెండు గంటలు. నిజానికి నేనూ అంతయ్యా స్ఫటికాలను వడపోత కాగితాల మడతల్లో పెట్టి, చాటలో వేసి, మెట్ల కింద నీడన ఆరబెట్టాం. లీలాబాయి కరివేపాకు ఆరబెట్టినట్టు.

నీ అనుమానమేమిటో నాకు తెలుసు. ఆ స్ఫటికంలో అణువుల సందున ఒక నీటి అణువు ఉంటుంది. రాగికి అతుక్కుని కాదు, ఊరికే సందులో. తిరిగే అణువును చలిలో పట్టి నిలబెట్టేది అదే అయివుండాలి. ఓవెన్‌లో అది వెళ్లిపోతుంది. రంగు మారదు, ఆకారం చెడదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పట్టుకునేది పోయాక మిగతావి ఎంత చలికైనా ఒక దిక్కుకు కుదురుకోవు.

ఇక్కడితో ఆపితే నేను మర్యాదస్తుడిగా మిగులుతాను. కానీ ఇంకొకటి ఉంది.

ఈ సంగతి నాకు మొన్న తట్టలేదు. 1991లో తట్టింది. ఇంటర్ పిల్లలకు మైలుతుత్తం వేడిచేసి చూపిస్తున్నాను. నీలం తెల్లబడింది, పరీక్షనాళిక అంచున నీటి చుక్కలు పేరుకున్నాయి. ఆ చుక్కలు చూస్తూ నా మాట ఆగిపోయింది. పిల్లలు సారుకు పాఠం మరుపొచ్చిందనుకున్నారు. నాకు అంతా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఒక కార్డు ముక్క రాసి ఉంటే సరిపోయేది. ‘అన్నా, ఓవెన్‌లో పెట్టకు.’ అంతే.

రాయలేదు. రాస్తే అన్న సంతకం అబద్ధమవుతుంది, అతన్ని కాపాడుతున్నాను అని చెప్పుకున్నాను. అది సాకు. అప్పటికి నేను అన్యాయానికి గురైనవాడిగా బతకడం మరిగాను. ఆ కుర్చీ సుఖంగా ఉండేది. దాంట్లోంచి లేవబుద్ధి కాలేదు. నేను కుర్చీలో కూర్చుని పుస్తకాలు చదువుతుంటే, అక్కడ అతను ఏటేటా మంచుగడ్డలు మోసి, తప్పు తన చేతిలో వెతుక్కున్నాడు.

‘సంతు అబద్ధం చెప్పడు.’ ఆ వాక్యం నాకు చేరవేసి నువ్వు మంచి పని చేశావో చెడ్డ పని చేశావో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఇంతకు ముందు చూపించవద్దన్నాను. ఈ ఉత్తరం చదివి వినిపించు. 1991 సంగతి దాటవేయకు.

దీని మీద నువ్వు రాసే పరిశోధన వ్యాసంలో నా పేరు పెట్టాలనుకుంటే, ఓవెన్ అబద్ధంతో కలిపి పెట్టు. లేకపోతే వద్దు.

సంతు

*

కరీంనగర్
9 జనవరి 2024

చిన్న తాతకు,

ముందు స్ఫటికాలు. గిన్నెలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. కాగితం మడతల్లో పెట్టి, ఇంట్లోంచి చాట తీసుకువెళ్లి, ల్యాబులో బీరువా వెనక నీడన ఆరబెట్టాను. చాట చూసి అందరూ నవ్వారు. మరునాడు యంత్రంలో పెట్టాను. చల్లబరుస్తుంటే తొమ్మిది దగ్గర గుట్ట లేచింది. వేడిచేస్తుంటే పదిహేను దగ్గర. మీరు రాసినట్టే, అర డిగ్రీ అటూ ఇటూ. చలిలో విద్యుత్తు పెడితే తలలు తిరిగాయి, తీసేస్తే తిప్పిన చోటే ఉన్నాయి, ఎదురు పెడితే వెనక్కి తిరిగాయి. తరువాత అదే స్ఫటికాన్ని ఓవెన్‌లో రెండు గంటలు పెట్టాను. గీత నున్నగా పోయింది. మా సారు కుర్చీలోంచి లేచి చాట ఎక్కడుందని అడిగారు. మార్చి గురించి ఇక మాట్లాడటం లేదు.

ఇప్పుడు తాత. ఉత్తరం మొత్తం చదివాను. బల్బు దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారు. “బల్బా? నేను చెయ్యి పెట్టి సూసిన గదనే! వెచ్చగనే ఉండె!” అని దగ్గు వచ్చేదాకా నవ్వారు. “గాడిద కొడుకు, గా అంతయ్యను మెచ్చుకోవాలె,” అన్నారు.

1991 దగ్గర నవ్వు ఆగిపోయింది. నేను దాటవేయలేదు. మిగతాది విని లేచి గదిలోకి వెళ్లిపోయారు. ఆ రోజు అన్నం తినలేదు. మరుసటి రోజూ పళ్లెం అలాగే తిరిగి వచ్చింది. నేను చేసింది తప్పేమో అని ఏడ్చాను కూడా.

మూడో పొద్దున బీరువా తలుపు చప్పుడైంది. “ప్రణతీ, నా మఫ్లర్ ఏదే?” అన్నారు. ఎక్కడికి తాతా అంటే, “చలి పోకముందే పోవాలె. చలి పోతే మళ్ల యాడాది ఆగుమంటడు వాడు,” అన్నారు.

ఎనభై మూడేళ్ల మనిషిని బస్సులో పంపడానికి నాకు భయంగా ఉంది. వెంకటి తాత తోడు వస్తానన్నాడు. శనివారం పొద్దున బయలుదేరుతున్నారు. కోపం పోయిందో లేదో నాకు తెలియదు. అడగలేదు. మీరూ అడగకండి.

ప్రణతి

*

ఆదిలాబాద్
20 జనవరి 2024

చి. ప్రణతికి,

మీ తాత క్షేమంగా ఉన్నాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని లీలాబాయితో తగవు కూడా పెట్టుకున్నాడు. వెంకటి, అంతయ్య బయట అరుగు మీద ఓవెన్ కథ చెప్పుకుని నవ్వుతున్నారు. వారం నుంచి అదే కథ.

వచ్చిన రోజు బస్టాండులో నన్ను చూసి అన్న మొదటి మాట, “బక్కగైనవ్ రా.” నేను ఏదో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “పొద్దుగాల చూద్దాం. ఇప్పుడు ఆకలైతుంది.”

మరునాడు సూర్యుడు రాకముందే కిటికీ దగ్గర కూర్చున్నాం. ఏడు డిగ్రీలు. నేను సీసాలోంచి స్ఫటికం తీసి గాజు పలక మీద పెట్టాను. అద్దాలు రెండు కదా. ఎప్పుడూ రెంటినీ నేనే పట్టుకునేవాణ్ని. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఒకటి అతని చేతికిచ్చాను. దాని అంచు తడిమి చూసి, “ఇది నేనిచ్చిన జోడు గద. నీకు నౌకరి వచ్చిన దినం,” అన్నాడు. అవునన్నాను. “ఇరగ్గొట్టినవా?” అన్నాడు. అవునన్నాను.

ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి. చారలు వచ్చేవి, చెదిరిపోయేవి. మళ్లీ వచ్చేవి. చివరికి అతను మోచేతిని నా భుజం మీద ఆనించాడు. అప్పుడు నిలిచాయి.

అతను ఒక కన్ను మూసి వంగి చూస్తున్నాడు. నేను ముప్పై ఆరేళ్లుగా ఆ నిమిషం కోసం మాటలు సిద్ధం చేసుకున్నాను. ఎన్ని సిద్ధం చేశానో నీకు చెప్పను, నాకే సిగ్గు. ఒక్కటీ నోటికి రాలేదు. “అన్నా, తొంభై ఒకటిల…” అని మాత్రం అన్నాను.

“మాట్లాడకు. కదులుతున్నయి,” అన్నాడు.

లీలాబాయి వచ్చి, ముసలోళ్లకు చలి పట్టుకుంటదని కిటికీ మూయబోయింది. అతనే వద్దన్నాడు. “జర ఉండనీ లీలా. మూస్తె పోతయి.” మఫ్లర్ విప్పి సగం నా మెడ చుట్టూ వేశాడు. ఎండ గోడ దాటి పలక మీద పడేదాకా అలాగే కూర్చున్నాం. తొమ్మిది డిగ్రీలు దాటింది, చారలు పోలేదు. పన్నెండు దాటింది, పోలేదు. థర్మామీటరు అతనే చదువుతున్నాడు. పదిహేను దగ్గర, ఎవరో చెయ్యి పెట్టి తుడిచినట్టు పోయాయి. మిగిలింది ఒట్టి నీలం.

“పదిహేను,” అన్నాడు. “నువ్వు చెప్పినట్టే.”

తరువాత నా పాత నోట్‌బుక్ అడిగాడు. జేబులోంచి పెన్ను తీసి, ‘ఓవెన్, ఎనభై డిగ్రీలు, రెండు గంటలు’ అన్న వరుసను నెమ్మదిగా కొట్టేశాడు. పైన, కుడికి వాలే అక్షరాలతో ‘నీడన’ అని రాశాడు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, పెన్ను నాకు అందించాడు.

అతని సంతకం పక్కన నాదీ పెట్టాను.

సంతు తాత